అదుపు తప్పినదెవరు?

తెలుగు దినపత్రికలో జిల్లా పుట తెరిచామంటే రోడ్డు ప్రమాదపు వార్త కనబడని రోజు అరుదన్నది పాఠకులకు విదితమే. ఏళ్ళ తరబడి రాయగా రాయగా ఆ వార్తలకొక ప్రత్యేకమైన భాష స్థిరపడిపోయింది. రహదారి నెత్తురోడుతుంది. మృత్యువు లారీ రూపంలో దూసుకువస్తుంది. విధి వక్రిస్తుంది. పెళ్ళింట విషాదం అలముకుంటుంది. ఇక వాహనం సంగతికి వస్తే, అది ఎప్పుడూ చేసే పని ఒక్కటే: ‘అదుపు తప్పుతుంది’. వాహనాలు కిలోమీటర్ల మేర నిలిచిపోయాయనీ, పోలీసులు వచ్చి రాకపోకలను పునరుద్ధరించారనీ చివర ఒక వాక్యం ఉంటుంది. పాఠకుడు ఒక నిట్టూర్పు విడిచి క్రీడల పుటకు వెళ్ళిపోతాడు.

ఈ భాషను ఎద్దేవా చేయడం మా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి కబురందుకుని, పత్రిక అచ్చుకు వెళ్ళేలోగా నాలుగు వాక్యాలు పంపవలసిన విలేకరి ఇబ్బంది మాకు తెలియనిది కాదు. అయితే మూడు దశాబ్దాలకు పైబడి యంత్రాల మధ్య ఉద్యోగం చేస్తున్న మాకు, ఆ ‘అదుపు తప్పి’ అన్న రెండు మాటలు చదివినప్పుడల్లా మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. ఎందుకు తప్పింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ఒక కుటుంబానికి ఎంత అవసరమో దగ్గరుండి చూసిన వాళ్ళం గనుక, ఆ అనుభవాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాము.

మన సంస్థలలో ప్రమాద విచారణ ఎలా జరుగుతుందో ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. వారి కుటుంబ సభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాము. షాపులో ఒక కార్మికుని వేలికి గాయమైనా సరే, ముందు ఆ చోటును కదపకుండా ఉంచుతారు. టేపు పెట్టి కొలుస్తారు. చూసిన వారిని విడివిడిగా అడుగుతారు. యంత్రానికి రక్షణ కవచం ఉన్నదా, ఎవరు తీశారు, ఎందుకు తీశారు? అక్కడ వెలుతురు చాలినంత ఉన్నదా? ఆ కార్మికుడు వరుసగా ఎన్ని గంటలు పనిచేశాడు? ఒక్కొక్క జవాబు వెనుక మరొక ‘ఎందుకు’ వేసుకుంటూ పోతారు. నివేదికలో ‘కారణం’ అన్న గడిలో ‘విధి వక్రించినందున’ అని రాసి పంపితే సేఫ్టీ ఆఫీసరు దాన్ని ఎర్ర సిరాతో తిప్పి పంపుతారు. ‘అదుపు తప్పినందున’ అని రాసినా అదే గతి. అది జరిగినదానికి మరో పేరే గాని, కారణం కాదు.

అమెరికాలో బీమా రంగంలో పనిచేసిన హైన్రిచ్ 1931లో పారిశ్రామిక ప్రమాదాల నివారణపై ఒక గ్రంథం ప్రచురించారు. ఒక పెద్ద ప్రమాదం వెనుక 29 చిన్న గాయాలూ, గాయమేదీ లేకుండా తప్పిపోయిన 300 ఘటనలూ ఉంటాయని అందులో ప్రతిపాదించారు. ఆ అంకెల మీద తరువాతి కాలంలో వాదోపవాదాలు జరిగాయి. అందులోని సారాంశం మాత్రం ప్రతి షాపు గోడ మీదా నిలిచింది: పెద్ద ప్రమాదం ఒక్కసారిగా ఊడిపడదు, ముందుగా అనేకసార్లు తలుపు తట్టి వస్తుంది. త్రుటిలో తప్పిన ఆ ఘటనలనే మనం నియర్ మిస్ అని రాసి పెట్టుకుంటున్నాము.

ఇంత క్రమశిక్షణా మన ప్లాంటు గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు బయట అడుగు పెట్టిన మరుక్షణం నుండి కొలతలు లేవు, విచారణ లేదు, నియర్ మిస్ పుస్తకం లేదు. అక్కడ విధిదే రాజ్యం. ఆ రాజ్యం ఎంత విశాలమైనదో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కలే చెబుతాయి. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. 4,43,366 మంది గాయపడ్డారు. రోజుకు లెక్క కడితే 460 మందికి పైగా, గంటకు 19 మంది. 2023లో మృతుల సంఖ్య 1 లక్షా 72 వేలు దాటింది. 2022 మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు; 19 మందికి పైగా పాదచారులు. మొత్తం మృతులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుండి 45 ఏళ్ళ లోపువారు. అంటే ఇంటికి ఆధారమైనవారు.

ఇక మేము చెప్పదలచిన సంగతి. 2011లో మధ్య భారతంలోని ఒక యూనిట్‌లో పనిచేస్తున్న రోజులవి. దేశం నలుమూలల నుండి వచ్చినవారుండే ఆ టౌన్‌షిప్‌లో మన తెలుగువారి సంఖ్యా తక్కువేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన ఒక సీనియర్ చార్జిమన్ ఉండేవారు. వయసులో పెద్దవారు కావడం చేత మేమంతా ఆయనను బాబాయిగారనే పిలిచేవాళ్ళం. 28 సంవత్సరాల సర్వీసు. కొలిమి పక్కనే పని. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళ హెల్మెట్ పట్టీ తానే బిగించి, ‘తల నీదే గాని, దాని కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంటి దగ్గర ఉన్నారురా’ అనేవారు.

ఆ సంవత్సరం డిసెంబరులో ఒక రాత్రి బి షిఫ్టు ముగించుకుని స్కూటరు మీద ఇంటికి బయలుదేరారు. గేటుకు రెండు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు మీద ఆగివున్న ఒక లారీని వెనుక నుండి ఢీకొన్నారు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. హెల్మెట్ ఉన్నది, తలకు దెబ్బ లేదు. ఛాతీకి తగిలిన దెబ్బ వల్ల లోపల రక్తస్రావం జరిగిందనీ, ఒక అరగంట ముందు తెచ్చివుంటే ప్రయత్నించడానికి అవకాశం ఉండేదనీ వైద్యులు అన్నారు.

మరునాడు అక్కడి హిందీ పత్రికలో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. స్కూటరు ‘అనియంత్రిత్’ అయి నిలిచివున్న ట్రక్కును ఢీకొన్నదని అందులో ఉన్నది. ఆ మరునాడు శ్రీకాకుళంలోని బంధువులు తెలుగు పత్రిక కత్తిరింపు పంపారు. స్కూటరు ‘అదుపు తప్పి’ ఆగివున్న లారీని ఢీకొన్నదని అందులో ఉన్నది. భాషలు వేరు, ఊళ్ళు వేరు, మాట మాత్రం అదే.

పెద్దకర్మ ముగిసిన తరువాత పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన కుమారుడు ఆ రెండు కత్తిరింపులూ తెచ్చి మా ముందు పెట్టాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్న కుర్రవాడు. ‘సార్, తప్పు నాన్నగారిదేనా?’ అని అడిగాడు. లోపలి నుండి పిన్నిగారు అందుకున్నారు. ‘బాబూ, ముప్పై ఏళ్ళు ఈ రోడ్డు మీదే వెళ్ళి వచ్చారు. ఒక్కనాడు మోకాలు గీసుకుని ఇంటికి రాలేదు. ఆయన అదుపు తప్పారంటే నేను నమ్మను. మీరంతా చదువుకున్నవాళ్ళు కదా, ఏం జరిగిందో చూసి చెప్పండి’ అన్నారు.

ప్లాంటులో ఆయనకు చిటికెన వేలు తెగివుంటే ముగ్గురు సభ్యుల సంఘం వేసి విచారించేవాళ్ళం. ప్రాణమే పోతే నాలుగు వాక్యాలతో సరిపెట్టుకోవడం సబబుగా తోచలేదు. మేము, మరో ఇద్దరు మిత్రులు కలిసి (ఒకరు ఎలక్ట్రికల్, ఒకరు సివిల్) సెలవు రోజున టేపూ, సుద్దముక్కా, నోటుపుస్తకమూ తీసుకుని ఆ చోటికి వెళ్ళాము. పోలీసువారు గీసిన గుర్తులు ఇంకా చెరగలేదు.

మొట్టమొదట కనబడింది స్కూటరు టైరు చార. బ్రేకు బలంగా వేయగా పడిన చార, 9 మీటర్ల పొడవున, వంకర లేకుండా తిన్నగా లారీ నిలిచిన చోటుదాకా ఉన్నది. అదుపు తప్పిన బండి గీత తిన్నగా ఉండదు. ఆయన మేలుకునే ఉన్నారు, చూశారు, బ్రేకు వేశారు. రెండవది, అక్కడ వరుసగా మూడు వీధి దీపాలు వెలగడం లేదు. రెండు నెలలుగా అంతేనని పక్కనున్న టీ కొట్టు యజమాని చెప్పాడు. మూడవది, లారీ వెనుక దీపాలు మసి పట్టి ఉన్నాయి, మెరిసే పట్టీ ఒక్కటీ లేదు, హెచ్చరికగా వెనుక ఒక రాయి కూడా పెట్టలేదు. నాలుగవది, లారీలు నిలుపుకోవడానికి చుట్టుపక్కల ఎక్కడా స్థలం లేదు. ప్లాంటుకు సరుకు తెచ్చిన లారీలు తమ వంతు వచ్చేదాకా రోడ్డు మీదనే రాత్రంతా నిలవవలసిందే.

మరొక రాత్రి అదే చోట, రెండు వైపులా మనుషులను నిలబెట్టి, అటువంటి లారీనే నిలిపి, అదే రకం స్కూటరు దీపంతో ఎంత దూరం నుండి కనబడుతుందో కొలిచాము. 20 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. కన్ను చూసి, మనసు గ్రహించి, చేయి బ్రేకు నొక్కడానికి ఎంత చురుకైన మనిషికైనా ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో 11 మీటర్లు గడిచిపోతాయి. ఆ స్కూటరు పూర్తిగా ఆగడానికి మరో 12, 13 మీటర్లు కావాలి. మొత్తం 24. ఉన్నది 20. బాబాయిగారి ప్రాణానికీ మరణానికీ మధ్య తక్కువైనది ఆ నాలుగు మీటర్లు. ఆ నాలుగు మీటర్లనూ వెలగని ఏ ఒక్క దీపమైనా ఇచ్చివుండేది. పది రూపాయల మెరిసే పట్టీ ఇచ్చివుండేది.

ఈ కొలతలన్నీ నక్షాతో సహా రాసి ఆ కుటుంబానికి ఇచ్చాము. వారి న్యాయవాది దానిని ప్రమాద పరిహార ట్రైబ్యునల్ ముందు ఉంచారు. మేము ముగ్గురమూ వెళ్ళి సాక్ష్యం చెప్పాము. మృతుని నిర్లక్ష్యం ఉన్నది గనుక పరిహారం తగ్గించాలని ఎదుటి పక్షం పత్రిక కత్తిరింపునే చూపింది. రెండేళ్ళ తరువాత వచ్చిన తీర్పులో ఆయన వైపు నిర్లక్ష్యమేమీ లేదని తేలింది. తీర్పు ప్రతిని ఆ కుర్రవాడు తండ్రి పటం దగ్గర పెట్టాడు. పరిహారం ఎంత వచ్చిందని ఎవరూ అడగలేదు. మూడు దీపాలూ మా ఉత్తరం అందిన పది రోజులలో వెలిగాయి. లారీలు నిలుపుకునే స్థలం సమకూరడానికి మాత్రం 14 నెలలు పట్టింది.

తప్పు ఎవరిదో తేల్చడమే విచారణ పరమార్థమని పాఠకులు భావించరాదని మనవి. లారీ డ్రైవరు కూడా రెండు రాత్రులు నిద్ర లేకుండా వచ్చినవాడే. ‘తిలా పాపం తలా పిడికెడు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. దీపం చూడవలసినవారు, స్థలం చూపవలసినవారు, పట్టీ అతికించవలసినవారు, తనిఖీ చేయవలసినవారు, అందరూ తలా ఒక పిడికెడు వదిలారు. ఆ పిడికెళ్ళలో ఏ ఒక్కటి సరిచేసినా గొలుసు అక్కడ తెగేది. గొలుసులో అతి బలహీనుడైన మనిషి మీదనే భారమంతా మోపి ‘అదుపు తప్పాడు’ అన్నామంటే, మిగిలిన కొక్కేలన్నీ మరొకరి కోసం అలాగే ఉండిపోతాయి.

అలా ఉండిపోతే ఏమవుతుందో మన రహదారులే చెబుతున్నాయి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుండి హైదరాబాదుకు వస్తున్న ఒక ప్రైవేటు బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొన్నది. ఇంధన ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది ఆహుతయ్యారు. దాదాపు పన్నెండేళ్ళ తరువాత, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, అదే రహదారి మీద హైదరాబాదు నుండి బెంగుళూరుకు వెళుతున్న మరొక ప్రైవేటు స్లీపరు బస్సు కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద ఒక మోటారు సైకిలు మీదికి ఎక్కి దానిని ఈడ్చుకుంటూ పోయింది. ఆ మోటారు సైకిలు అంతకు కొద్దిసేపటి క్రితమే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడివున్నది. దానిని నడిపిన యువకుడు అప్పటికే మరణించాడు. మంటలలో బస్సులోని 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు.

రెండు సందర్భాలలోనూ ‘బస్సు అదుపు తప్పిందా, డ్రైవరు నిద్రపోయాడా’ అన్న చర్చే ముందు జరిగింది. మన షాపులోనైతే ఇంకా ఎన్ని ప్రశ్నలు వేసేవాళ్ళం! పడిపోయిన వాహనం గురించి వెనుక వచ్చేవారికి కబురు అందే మార్గమేది? కింద నిప్పు పుడితే ఇంధనానికీ దానికీ మధ్య అడ్డేమున్నది? లోపలి పరుపులూ తెరలూ ఎంత వేగంగా అంటుకుంటాయి? గాఢనిద్ర నుండి లేచిన మనిషి చీకటిలో, పొగలో, తడిమి తెరవగలిగేటట్లు అత్యవసర ద్వారం ఉన్నదా? బస్సు ఎక్కినప్పుడు ఆ ద్వారం ఎక్కడుందో ఎవరైనా చూపించారా? డ్రైవరు ఒక్కడు పొరబడితే అంతమంది దహనం కావలసి వచ్చే ఏర్పాటులోనే లోపమున్నది. మనిషి పొరబడతాడని ముందే ఎంచి యంత్రాన్ని తయారుచేయడమే ఇంజనీరు వృత్తి ధర్మం.

ఆగిన వాహనమూ ఒక ప్రమాదమే అని చెప్పాము. 2019 వేసవిలో మేము సకుటుంబంగా విశాఖపట్నం నుండి రాజమహేంద్రవరం వెళుతుండగా, తుని దాటిన తరువాత, రాత్రి ఎనిమిదిన్నర వేళ కారు రేడియేటరు గొట్టం పగిలింది. ఇంజను నుండి ఆవిరి ఎగసింది. వీలైనంత ఎడమకు తీసి ఆపి, నాలుగు వైపులా మిణుకు దీపాలు వేసి, అందరినీ దిగి ఇనుప కమ్మీకి అవతల నిలబడమన్నాము. వెనుక సీటులో ఉన్న మా అత్తగారు ససేమిరా అన్నారు. ‘ఈ చీకట్లో పొలంగట్టున పాములుంటాయి అల్లుడుగారూ, నేను కారులోనే కూర్చుంటాను’ అన్నారు. పాము కరిస్తే మందున్నది, లారీ కరిస్తే లేదని మా శ్రీమతి నచ్చజెప్పి దింపవలసి వచ్చింది. డిక్కీలోని ఎర్రటి ముక్కోణపు హెచ్చరిక పలకను 50 మీటర్లు వెనుకకు నడిచి రోడ్డు అంచున పెట్టి, జాతీయ రహదారుల సహాయ సంఖ్య 1033కు ఫోను చేశాము.

సహాయం అందేలోగా ఒక వ్యాను మా కారు వరుసలోనే వేగంగా వచ్చింది. ముక్కోణం దగ్గరికి వచ్చేసరికి టైర్లు కీచుమన్నాయి. కుడి వైపుకు తప్పుకుని వెళ్ళిపోయింది. అత్తగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ‘ఆ ముక్కోణం బిళ్ళ ఎంత పెట్టి కొన్నారు?’ అని అడిగారు. కారుతో పాటు ఇచ్చిందేనని చెప్పాము. ‘ఊరికే ఇచ్చినదాన్ని అందరూ పెట్టరేం మరి?’ అన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర ఈనాటికీ సమాధానం లేదు. మన డిక్కీలలో ఆ పలక ఎక్కడున్నదో, స్టెప్నీ కింద పడి విరిగిపోయిందో, ఈ ఆదివారం ఒకసారి చూసుకోవలసిందిగా పాఠకులకు మనవి.

వేగం గురించి కూడా ఒక్కమాట. 2022 లెక్కలలో నూటికి 71 మరణాలకు అతివేగమే కారణంగా నమోదైంది. అతివేగం అంటే పత్రికలలో వచ్చే పందెపు వేగమే కానక్కరలేదు. కనబడే దూరంలో ఆగలేని వేగమేదైనా అతివేగమే. మంచి రోడ్డు, మంచి టైర్లు, చురుకైన డ్రైవరు ఉన్నారనుకున్నా, కారు ఆగడానికి పట్టే దూరం గంటకు 60 కిలోమీటర్ల వద్ద సుమారు 37 మీటర్లు. 80 వద్ద 58. 100 వద్ద 84. కిందికి వంచిన హెడ్‌లైటు వెలుగు చూపేది ఇంచుమించు 50 మీటర్లు. అంటే చీకటి రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవారు తమకు కనబడని చోటును నమ్ముకుని వెళుతున్నారన్నమాట. వాన పడిన రోడ్డుకూ, అరిగిన టైరుకూ, నిద్రమత్తుకూ ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

వెనుక సీటు బెల్టు సంగతి గృహిణులకూ, పిల్లలకూ ప్రత్యేకించి చెప్పాలి. మూడు చోట్ల బిగించే బెల్టును స్వీడన్ దేశపు ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించారు; ఆయన పనిచేసిన వోల్వో సంస్థ దానిని ఇతర కంపెనీలూ వాడుకోనిచ్చింది. అరవై ఏళ్ళు దాటినా మనలో చాలామందికి వెనుక సీటు బెల్టు సీటు సందులోనే ఉండిపోయింది. 2014 జూన్‌లో కేంద్ర మంత్రి గోపీనాథ్ ముండే ఢిల్లీ నగరంలోనూ, 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ వద్దా కారు ప్రమాదాలలో మరణించారు. ఇద్దరూ వెనుక సీటులో ఉన్నారు, ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. 2022లో బెల్టు పెట్టుకోక మరణించిన 16,715 మందిలో సగం మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే సుమారు 10 మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడ నుండి పడడంతో సమానం. ఒడిలో ఉన్న 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువవుతుంది. ఏ తల్లి చేతులకూ ఆ బలం లేదు. అది ప్రేమకు సంబంధించిన విషయం కాదు, లెక్కకు సంబంధించినది.

మళ్ళీ బాబాయిగారి విషయానికి వస్తే, ఆయన ఆ రోడ్డు పక్కన 40 నిమిషాలు పడివున్నారు. చుట్టూ జనం ఉన్నారు. వారు కఠినులేమీ కారు. ముట్టుకుంటే కేసులో ఇరుక్కుంటామనీ, కోర్టుల చుట్టూ తిరగాలనీ భయపడ్డారు. ఆనాటికి ఆ భయం నిరాధారమూ కాదు. నేడు పరిస్థితి మారింది. ఆపదలో ఆదుకున్నవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షను చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసినవారిపై సివిలు కేసుగాని, క్రిమినలు కేసుగాని ఉండదు. పేరు చెప్పమని ఎవరూ నిర్బంధించరాదు. క్షతగాత్రుని చేర్పించిన తరువాత ఆసుపత్రిలో ఆగవలసిన పనిలేదు. 2025 మే నుండి, గుర్తించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించనక్కరలేని చికిత్సకు కేంద్ర పథకం కూడా అమలులోకి వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ నేడు అనేక రాష్ట్రాలలో ఉన్నది. ఈ సంగతులు తెలియకపోవడం వల్ల నేటికీ జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. మన ఇళ్ళలోనైనా ఇవి అందరికీ తెలియాలి.

ప్రమాదాలు మన చేతిలో లేవని నిరాశ పడనక్కరలేదు. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్ మార్గం మీద 2016లో 151 మంది మరణించారు. ప్రతి ప్రమాదాన్నీ ప్లాంటు పద్ధతిలో విచారించి, రోడ్డు మీద ఎక్కడెక్కడ ఏ లోపమున్నదో గుర్తించి సరిచేయగా తరువాతి సంవత్సరాలలో ఆ సంఖ్య సగానికి పైగా తగ్గింది. అదే రోడ్డు, అవే వాహనాలు, ఆ డ్రైవర్లే. మారినది ‘ఎందుకు’ అని అడిగే అలవాటు.

మేము ప్రస్తుతం పనిచేస్తున్న యూనిట్‌లో కొన్నేళ్ళుగా ఆ అలవాటును చిన్న ఎత్తున సాగిస్తున్నాము. టౌన్‌షిప్ గ్రంథాలయంలో పత్రికల బల్ల మీద, దారానికి కట్టిన పెన్సిలుతో సహా, ఒక నోటుపుస్తకం ఉంటుంది. గేటుకూ ఇంటికీ మధ్య ఎవరికి ఏ ముప్పు కొద్దిలో తప్పినా అందులో రాయవచ్చు; పేరు రాయనక్కరలేదు. రెండో గేటు ఎదుట వాననీటి కింద గుంత కనబడడం లేదని ఒకరు రాశారు. స్కూలు బస్సు ఆగేచోట స్పీడు బ్రేకరు మీది తెల్లచారలు చెరిగిపోయాయని మరొకరు రాశారు. వారానికొకసారి సేఫ్టీ, సివిల్ విభాగాల వారు చూసి, చేసిన పని తేదీతో పక్కన రాస్తారు. ఖర్చు ఒక నోటుపుస్తకం. ఇతర యూనిట్లలోని మిత్రులు కూడా ఇటువంటిది ప్రారంభిస్తే సంతోషిస్తాము.

కిందటి వానాకాలంలో ఆ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం కనబడింది. ఎవరో బడి పిల్ల రాసివుంటుంది. ‘మా వీధి మలుపు దగ్గర వేపకొమ్మ పెరిగి స్టాప్ బోర్డు కనబడుట లేదు, నిన్న నా సైకిలుకు పాలబండి అడ్డం వచ్చినది’ అని ఉన్నది. మరునాడు ఆ కొమ్మ కొట్టించారు. ఆ మలుపులో ఎవరికీ ఏమీ జరగలేదు. కాబట్టి అది ఏ పత్రికలోనూ రాలేదు.